గుడ్లుగారి ఏసీ

ప్రభుత్వ కార్యాలయంలో చల్లగాలి ఎండను బట్టి వీచదు, హోదాను బట్టి వీస్తుంది. ఈ సంగతి తెలియనివాళ్లు ప్రభుత్వంలో ఎవరూ లేరు. తెలిసి కూడా, నిబంధనను నిబంధనతోనే లొంగదీయవచ్చని నమ్మినవాడు మాత్రం ఓబులేసు ఒక్కడే.

ఓబులేసు కోనంపల్లె పట్టుగుడ్ల కేంద్రానికి సాంకేతిక అధికారి. పట్టుగుడ్లంటే కోడిగుడ్లలాగా బుట్టలో పెట్టి అమ్మేవి కావు. ఆవగింజంత ఉంటాయి, అట్టలకు అంటుకుని ఉంటాయి. కేంద్రంలో వాటిని పొదగబెట్టి, పురుగులు బయటికొచ్చే వేళకు రైతులకు ఇస్తారు. రైతులు ఆ పురుగులకు మల్బరీ ఆకు మేపి గూళ్లు కట్టిస్తారు. పొదిగినన్నాళ్లూ గదిలో ఇరవై అయిదు డిగ్రీలు దాటకూడదు. కోనంపల్లెలో ఏప్రిల్ వచ్చాక ఇరవై అయిదు డిగ్రీలన్నది పాఠ్యపుస్తకంలో తప్ప ఎక్కడా కనిపించదు.

కిందటేడు వేసవిలో ఆ గదిలో గుడ్లన్నీ ఉడికిపోయాయి. తోటల్లో ఆకు ఏపుగా ఉంది గానీ తినే నోరు లేకపోయింది. అలా నష్టపోయినవాళ్లలో తిప్పమ్మ ఒకతె. భర్త పోయాక రెండెకరాల మల్బరీ తోట, ఒక రేకుల షెడ్డు, ఎప్పుడు ఎండుతుందో తెలియని బోరు ఆమె ఒక్కతే చూసుకుంటోంది. ఈ ఏడు ఎండలు ముదరకముందే కేంద్రానికి వచ్చి గడప దగ్గర కూర్చుంది.

"సారూ, పోయినేడు ఆకంతా మేకలకి యేసినా. మేకలు బలిసినాయి, నేను బక్కపడితి. ఈ తూరి గూడా గుడ్లు పోతే తోట పెరికేస్తా. బెంగుళూరికి పోయి ఇటుకలు మోసుకుంటా."

"ఈ తూరి పోవు అక్కా. గుడ్ల గదికి ఏసీ పెట్టిస్తాండా," అన్నాడు ఓబులేసు.

"నిజంగానా?"

"నోట్ రాసి పంపించినా."

నోట్ రాయడంలో ఓబులేసు చెయ్యి తిరిగినవాడు. అతను రాసిన నోట్ చదివితే, అడిగినది ఇవ్వకపోవడం నేరమేమో అని పై అధికారికి అనుమానం కలుగుతుంది. ఈసారి మాత్రం జిల్లా కార్యాలయం నుంచి ఒకే ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. 'సదరు గదియందు ఏ హోదాగల అధికారి ఆసీనులై ఉందురో తెలియజేయవలసినది.'

ఓబులేసు ఆ కాగితం జేబులో పెట్టుకుని జిల్లా కేంద్రానికి పరుగెత్తాడు. సంయుక్త సంచాలకులు దండపాణిగారి గదికి రెండు కిటికీలుంటే రెండింటికీ ఏసీలున్నాయి. దండపాణిగారు మెడకు మఫ్లరు చుట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ ఫైలు చూస్తున్నారు. పక్కనే సూపరింటెండెంట్ నంజుండప్ప నిలబడి ఉన్నాడు. నిబంధనల పుస్తకం ఎప్పుడూ ఆయన చంకలోనే ఉంటుంది. దాన్ని తెరిచే అవసరం ఆయనకు పడదు, అంతా నోటికి వచ్చు.

"ఓబులేసుగారూ, మీ ఆవేదన పట్ల ఈ కార్యాలయానికి సంపూర్ణ సానుభూతి ఉన్నది," అన్నారు దండపాణిగారు. "అయితే శీతలీకరణ యంత్రమనునది సౌకర్యం కాదు. అది హోదాకు అనుబంధం. హోదా లేని గదిని చల్లబరచడం ప్రజాధన దుర్వినియోగం కిందికి వస్తుంది."

"గదిలో గుడ్లుంటాయి సార్. ఎండకి చచ్చిపోతాయి."

"గుడ్లు స్టాకు కిందికి వస్తాయప్పా," అన్నాడు నంజుండప్ప. "తెల్లకాగితాలు, చీపుర్లు, ఫినాయిలు, గుడ్లు. ఈ పొద్దు గుడ్లకి ఏసీ ఇస్తే, రేపు ఫినాయిలు డబ్బాకి గూడా అడుగుతావు."

"అట్లయితే ఎవరో ఒక ఆఫీసర్ని ఆ గదిలో కూర్చోబెట్టండి అన్నా. ఆయన పేరు మీద ఏసీ వస్తుంది. ఆ గాలికి గుడ్లు బతుకుతాయి."

"ఆఫీసర్ గదిలో స్టాకు పెట్టకూడదు. అది ఇంకో నిబంధన. ఆఫీసరుంటే గుడ్లు బయటికి పోవల్ల. గుడ్లుంటే ఆఫీసరు బయటికి పోవల్ల."

మామూలు మనిషైతే అక్కడితో నమస్కారం పెట్టి బస్సెక్కేవాడు. ఓబులేసు ఇరవై ఏళ్లుగా నోట్లు రాస్తున్నవాడు. అతనికి దారి కనిపించింది, కనిపించినందుకు ఒళ్లు పులకరించింది కూడా.

"గుడ్లే ఆఫీసరైతే?" అన్నాడు.

నంజుండప్ప కళ్లు మూసుకుని పుస్తకమంతా లోలోపల తిరగేశాడు.

"ప్రభుత్వ గదిలో, ప్రభుత్వ పని మీద, ప్రభుత్వ ఖర్చుతో ఉండేవాళ్లు ఆఫీసర్లు అని ఉంది," అన్నాడు చివరికి. "మనిషై ఉండాలని యాడా లేదు. రాసినాయనకి ఆ అనుమానం వచ్చుండదు."

"పూర్వోదాహరణ ఏమైనా ఉన్నదా?" అన్నారు దండపాణిగారు.

"కుర్చీలో కదలకుండా కూర్చునేవాళ్లకి పూర్వోదాహరణలకేం కొదవ సార్," అన్నాడు నంజుండప్ప వినయంగా.

దండపాణిగారు మఫ్లరు సర్దుకున్నారు. గుడ్లు పోతే పత్రికల్లో పేరొస్తుంది. ఏసీ నిబంధనకు విరుద్ధంగా ఇస్తే ఆడిట్లో పేరొస్తుంది. ఈ పద్ధతిలో ఎక్కడా పేరు రాదు. ఆయన సంతకం పెట్టారు.

తరువాత ఏసీని ఎంపిక చెయ్యడానికి ఒక సంఘం వేశారు. ఇళ్లల్లో అయితే ఈ పని సులువు. గది పొడవెంత, వెడల్పెంత, ఏ గోడకు ఎండ కొడుతుంది, లోపల ఎందరుంటారు అని చూసుకుని దానికి తగిన కిటికీ ఏసీ కొనుక్కుంటారు. సంఘం పిలిపించిన మెకానిక్కు కూడా అలాగే అనుకుని టేపు తీసి గోడలు కొలవబోయాడు.

"గది కొలతలు అప్రస్తుతం," అన్నారు దండపాణిగారు. "అధికారి హోదా చెప్పినచో టన్నులు వాటంతట అవే వచ్చును. సహాయ సంచాలకులకు ఒక టన్ను. ఉప సంచాలకులకు ఒకటిన్నర."

ఆ గదికి ఒక టన్ను చాలదని ఓబులేసుకు తెలుసు. ఒకటిన్నర కావాలంటే గుడ్లను ఉప సంచాలకుల్ని చెయ్యాలి. అంటే ఓబులేసుకన్నా రెండు మెట్లు పైన. పదేళ్లుగా తను ఎదురుచూస్తున్న మొదటి మెట్టునే తొక్కకుండా గుడ్లు దాటుకుని వెళ్లిపోతాయన్నమాట. తిప్పమ్మ తోట గుర్తు తెచ్చుకుని ఓబులేసు ఆ అవమానాన్ని ఎలాగో మింగాడు, ఆ నోట్ కూడా తనే రాశాడు.

ఏసీని ఉత్తరం కిటికీలో పెడితే నీడన ఉంటుంది, బాగా పనిచేస్తుంది అన్నాడు మెకానిక్కు. కానీ అధికారి తూర్పు ముఖంగా కూర్చోవాలి, గాలి వెనకనుంచి రావాలి అని నంజుండప్ప చెప్పాడు. కాబట్టి పడమటి కిటికీ ఊచలు కోసి, సాయంత్రపు ఎండంతా వీపున పడేలా ఏసీని బిగించారు. స్టెబిలైజరుకు ఒక చిన్న బల్ల వేశారు. గుడ్లుగారికి గుండ్రంగా తిరిగే కుర్చీ, కుర్చీ మీద తెల్ల తువ్వాలు, అద్దం బల్ల, పిలుపు గంట వచ్చాయి. తలుపు మీద నల్లబోర్డు మీద తెల్ల అక్షరాలతో 'ఉప సంచాలకులు, గుడ్లు' అని రాయించారు.

గది మరీ పొడిబారితే గుడ్లు ఎండిపోతాయి గనక గోడలకు తడి గోనెపట్టాలు వేలాడదీయాలని ఓబులేసు అడిగాడు. గోనెపట్టా ఉప సంచాలకుల హోదాకు తగదని జవాబొచ్చింది. దాంతో నీలంరంగు తెరలు కొనిపించి వాటినే పూటకోసారి తడిపాడు.

ఇన్ని చేసినా, నిజం చెప్పాలి, ఆ ఏసీ పనిచేసింది. మొదటి విడత గుడ్లు ఒక్కటీ పోకుండా పగిలాయి. వెంట్రుకల్లాంటి నల్లటి పురుగులు అట్టల మీద జలజలా పాకాయి. పక్క ఊరి రైతులు వాటిని తట్టల్లో పెట్టుకుని పెళ్లికూతుర్ని తీసుకెళ్లినట్టు తీసుకెళ్లారు. ఓబులేసు ఆ రోజు ఇంట్లో పాయసం చేయించుకుని తిన్నాడు. రెండో విడత తిప్పమ్మ ఊరిది. ఆ గుడ్ల అట్టలు వచ్చి, పాత గుడ్ల స్థానంలో బాధ్యతలు స్వీకరించాయి.

మరునాడే తిప్పమ్మ చూడ్డానికి వచ్చింది. ఉప సంచాలకుల్ని కలవడానికి సందర్శకుల సమయం మూడు నుంచి అయిదు వరకేనని అటెండరు ఆపాడు. ఆమె మూడింటిదాకా వేపచెట్టు కింద కూర్చుని, తరువాత తలుపు సందులోంచి లోపలికి చూసింది. తువ్వాలు పరిచిన కుర్చీలో గుడ్ల అట్టలు, నీలం తెరలు, చల్లటి గాలి.

"బాగుండాది సారూ," అంది. "మాకి గూడా ఇట్లాంటి ఉద్యోగం ఏదన్నా ఉంటే చూడు."

"తోట ఎట్లుంది అక్కా?"

"ఆకు లేతగా తిరుక్కుంటాంది. పురుగులొచ్చేపొద్దుకి సరిగ్గా ఉంటాది. బోర్లో నీళ్లు సన్నంగా వస్తాండాయి, రాత్రిపూట గూడా కాపలుండి పెడతాండా. ఇంకొన్నాళ్లు ఆగితే ఆకు ముదిరిపోతాది, పసిపురుగు కొరకలేదు."

"ఆగే పని లేదులే," అన్నాడు ఓబులేసు. ఆ మాట అంటున్నప్పుడు అతనికి నిజంగానే నమ్మకం ఉంది.

చిక్కు ఫైళ్లతో మొదలైంది. ఉప సంచాలకుల పోస్టు ఒకటి ఉన్నాక, ఆ స్థాయి ఫైళ్లు అక్కడికి పంపకపోవడం క్రమశిక్షణా రాహిత్యమని నంజుండప్పకు తోచింది. పంపడం మొదలుపెట్టాడు. మూడు రోజుల్లో అధికారి అభ్యంతరం తెలపకపోతే ఆమోదించినట్టే అని ఇంకో నిబంధన ఉంది. గుడ్లుగారు ఏ ఫైలు మీదా అభ్యంతరం తెలపలేదు. ఏళ్ల తరబడి కదలని షెడ్ల ఫైళ్లు, బిందు సేద్యం ఫైళ్లు, చచ్చిపోయిన గుమాస్తా భార్య పింఛను ఫైలు, అన్నీ బల్ల మీద మూడేసి రోజులు చల్లగా సేదదీరి బయటికి వచ్చేశాయి.

జిల్లా అంతా ముక్కున వేలేసుకుంది. ఆయన చెయ్యి చాపరట, మాట తూలరట, ఇంటికి రమ్మనరట అని చెప్పుకున్నారు. ఉదయాన్నే కేంద్రం ముందు జనం. ఎవరో దండ కూడా తెచ్చారు. గుడ్లకు దండ వేస్తే గాలి ఆడదని ఓబులేసు బతిమాలి, దాన్ని ఏసీకి వేయించాడు.

ఇంతలో ఏసీలో గాలి వడకట్టే జాలీ నిండా దుమ్ము పట్టింది. కోనంపల్లె దుమ్ము ఏ యంత్రానికైనా నెలలోపే ఊపిరాడనివ్వదు. గాలి సన్నగిల్లింది, గదిలో వేడి రెండు డిగ్రీలు పెరిగింది. జాలీ ఊడదీసి కుళాయి కింద కడిగితే అయిపోయే పని. ఓబులేసు మెకానిక్కుకు కబురు పెట్టాడు. యంత్రాన్ని వాడుకుంటున్న అధికారి స్వయంగా ఫిర్యాదు చేస్తేనే శుభ్రం చెయ్యాలని తన ఒప్పందంలో ఉందని మెకానిక్కు చెప్పాడు.

ఓబులేసు నంజుండప్పకు ఫోన్ చేశాడు.

"గుడ్లుగారు ఫిర్యాదు చేసినారా?" అన్నాడు నంజుండప్ప.

"ఎట్ల చేస్తాయన్నా?"

"చేయలేదంటే సంతృప్తిగా ఉన్నారనే కదప్పా. ఆయనకి లేని బాధ నీకెందుకు?"

ఆదివారం నాడు, ఎవరూ లేనప్పుడు, ఓబులేసు తనే తాళం తీసి జాలీ కడిగి ఆరబెట్టి బిగించాడు. గాలి మళ్లీ జోరందుకుంది. సోమవారం అతనికి మెమో వచ్చింది. సెలవు దినమున పై అధికారి గదియందు అనుమతి లేకుండా ప్రవేశించి, వారి యంత్రమును తాకి, వారి ఏకాంతమునకు భంగము కలిగించినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలసినది. ఓబులేసు ఆ మెమోకు నాలుగు పేజీల సంజాయిషీ రాశాడు. అది ఎవరికి పంపాలని చూస్తే, విచారణాధికారి ఉప సంచాలకులే. తీసుకెళ్లి గుడ్ల ముందు పెట్టాడు. మూడు రోజులకు క్షమించబడ్డాడు.

ఇదంతా దండపాణిగారికి మింగుడు పడలేదు. ఆయన గదిలో ఫైళ్లు పేరుకున్నాయి, అయినా జనం రావడం లేదు. పైనుంచి ఎవరో పెద్దాయన ఫోన్ చేసి, మీ జిల్లాలో మంచి ఉప సంచాలకులున్నారట, ఇలాంటివాళ్లను పైకి తేవాలి అన్నారు. పైన అంటే తన కుర్చీయే. దండపాణిగారికి రెండు ఏసీల మధ్యన చెమటలు పట్టాయి. అదే సమయంలో కోస్తా జిల్లాలో పనిచేస్తున్న వీర్రాజు అనే ఉప సంచాలకులు, వేసవి బదిలీల్లో మంచి ఏసీ ఉన్న గది ఏదైనా ఖాళీ అవుతుందా అని వాకబు చేస్తున్నారు.

ఉత్తర్వు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా ఉప సంచాలకులు, గుడ్లు, వారిని బదిలీ చేయడమైనది. వారి స్థానంలో శ్రీ వీర్రాజుగారిని నియమించడమైనది. గుడ్లుగారు తక్షణమే విధుల నుండి వైదొలగి, రాజధానిలోని ప్రధాన కార్యాలయంలో రిపోర్టు చేయవలెను.

ఓబులేసు అది చదివి గదిలోకి వెళ్లి అట్టలు చూశాడు. గుడ్ల మీద అప్పుడప్పుడే నీలం రంగు తిరుగుతోంది. అంటే లోపల పురుగు తయారైంది, ఒకటి రెండు రోజుల్లో పగులుతాయి. అతను జిల్లా కార్యాలయానికి మళ్లీ పరుగెత్తాడు.

"ఎల్లుండికి పిల్లలవుతాయి సార్. అంతదాకా ఆపండి. తరువాత మీరు ఏ ఉత్తర్వైనా వేసుకోండి."

"ఉత్తమ అధికారుల సేవలు ఒకే ప్రాంతానికి పరిమితం కారాదు," అన్నారు దండపాణిగారు. "ఇది వారి పట్ల మాకున్న గౌరవ సూచకం."

ఓబులేసు నంజుండప్ప వైపు తిరిగాడు. నిబంధన ఏదో ఒకటి ఉంటుందని అతనికి ఇంకా ఆశ.

"అన్నా, ప్రసూతి సెలవు పెడితే?"

నంజుండప్ప నిజంగానే ఆలోచించాడు. ఆయనకు ఎవరి మీదా కక్ష లేదు, నిబంధన ఉంటే ప్రాణం పెట్టి సాయం చేసే మనిషి.

"అది కనేవాళ్లకప్పా," అన్నాడు విచారంగా. "పుట్టేవాళ్లకి లేదు."

"కనీసం ఆ గదిలోనే ఒక మూల ఉండనియ్యండి. ఆ వీర్రాజుగారు కూర్చుంటే కూర్చోనీ."

"ఒక పోస్టులో ఇద్దరా? జీతాల బిల్లు ఒప్పుకోదు. మళ్లా గుడ్లని పాత స్టాకులోకి తీసుకుందామంటే, ఉప సంచాలకుల్ని ఫినాయిలు పక్కకి దించినట్టవుతుంది. హోదా తగ్గించాలంటే విచారణ జరగల్ల. నువ్వు రాసిన నోటే అడ్డమొస్తాంది."

ఇరవై ఏళ్లలో ఓబులేసుకు తన నోట్‌కు జవాబు దొరక్కపోవడం అదే మొదటిసారి, ఆ నోట్ రాసినవాడు తనే కావడంతో ఎవరినీ తిట్టుకోవడానికి లేకపోయింది.

అట్టలతో పారిపోయి తిప్పమ్మ ఇంట్లో పెడదామా అని కూడా అనుకున్నాడు. ఆమె షెడ్డులో నలభై డిగ్రీలు. పైగా ఉప సంచాలకుల్ని అపహరించిన కేసవుతుంది. చివరికి జీపడిగాడు. ఏసీ ఉన్న జీపుకు సంయుక్త సంచాలకులకే అర్హత అన్నారు. తడిగుడ్డ కప్పిన పెట్టెలో అట్టలు సర్దుకుని, ఏసీ లేని జీపులో, కిటికీలోంచి కొట్టే వడగాలికి ఒళ్లు అడ్డం పెట్టుకుంటూ రాజధానికి బయల్దేరాడు.

ప్రధాన కార్యాలయం ఏడంతస్తుల భవనం. ప్రతి గదికీ ఏసీ ఉంది, ప్రతి తలుపు కింద నుంచీ చల్లగాలి పాదాలకు తగులుతోంది. అక్కడి గుమాస్తా ఉత్తర్వు తిరగేసి చూసి, ఈ హోదాలో ఖాళీ లేదన్నాడు. ఉన్న ఒక్క ఖాళీలోకి రావలసినాయన కోర్టు నుంచి స్టే తెచ్చుకున్నాడట.

"ఖాళీ వచ్చేవరకు కంపల్సరీ వెయిటింగులో ఉండాలి. అదిగో బెంచీ," అన్నాడు.

ఆ బెంచీ వరండాలో ఉంది. అప్పటికే ఇద్దరు అధికారులు అక్కడ కూర్చుని నెలల నుంచి ఎదురుచూస్తున్నారు. పెట్టె చూసి జరిగి చోటిచ్చారు. వరండాకు ఎదురుగా గోడ నిండా ఏసీల వీపులు, లోపలి వేడినంతా తెచ్చి వాళ్ల ముఖాల మీద కక్కుతున్నాయి. ఓబులేసు ఉత్తర్వు కాగితంతోనే పెట్టెకు విసిరాడు. గుమాస్తా దగ్గరికి వెళ్లి, లోపల బీరువా పక్కన ఒక్క రాత్రి పెట్టుకోనివ్వమని చేతులు పట్టుకున్నాడు.

"పోస్టింగు లేనివాళ్లకు గది ఎలా ఇస్తామండీ? ఉన్నవాళ్లు ఊరుకుంటారా?" అన్నాడు గుమాస్తా. కోపంగా కాదు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

ఓబులేసు కుళాయి నీళ్లు తెచ్చి గుడ్డ తడిపాడు. అది ఆరినప్పుడల్లా మళ్లీ తడిపాడు. మర్నాడు మధ్యాహ్నం గుడ్డ తీసి చూస్తే నీలం తిరిగిన గుడ్లన్నీ నొక్కుకుపోయి ఉన్నాయి. ఒక మూల నాలుగైదు పురుగులు సగం బయటికొచ్చి అక్కడే ఎండిపోయాయి. ఓబులేసు ఆ బెంచీ మీద కూర్చుని, పక్కనున్న అధికారులు చూస్తుండగానే, కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఖాళీ రానందుకు ఏడుస్తున్నాడనుకుని వాళ్లు ఓదార్చారు.

విధి నిర్వహణలో ఉండగా మరణించిన అధికారికి సంతాప సభ జరపడం ఆనవాయితీ. దండపాణిగారు ఆ విషయంలో లోటు రానివ్వలేదు. ఎండ తీవ్రత దృష్ట్యా సభను కోనంపల్లె కేంద్రంలోని ఏసీ గదిలోనే ఏర్పాటు చేశారు. కొత్తగా చేరిన వీర్రాజుగారు తువ్వాలు పరిచిన కుర్చీలో ఆసీనులయ్యారు. ఆయన మొదటి రోజునే ఫిర్యాదు చేస్తే మెకానిక్కు వచ్చి ఏసీ అంతా కడిగి వెళ్లాడు. ఇప్పుడు గదిలో పద్దెనిమిది డిగ్రీలుంది. రాజధాని నుంచి తిరిగొచ్చిన ఓబులేసు తలుపు పక్కన గోడకానుకుని నిలబడ్డాడు.

"వారు మితభాషి," అన్నారు దండపాణిగారు గద్గద స్వరంతో. "నిగర్వి. తమ సుదీర్ఘ సేవాకాలంలో ఏనాడూ ఒక్క ఫైలునైనా ఆపి ఎరుగరు. వారి లోటు ఈ శాఖకు తీరనిది. వారి ఆత్మశాంతికై మనమందరం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

అందరూ లేచి తలలు వంచారు. ఆ నిశ్శబ్దంలో వరండా నుంచి అటెండరు గొంతు వినిపించింది. సందర్శకుల సమయం కాదని ఎవరికో చెబుతున్నాడు. తలుపు తెరుచుకుంది. తల మీద పెద్ద గుడ్డమూటతో తిప్పమ్మ లోపలికి వచ్చింది.

ఓబులేసు ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు.

"అక్కా, నీకు కబురు పంపించల్ల అనుకుంటినే," అన్నాడు మెల్లగా.

"తెలిసింది సారూ. ఊర్లో అందరికీ తెలిసింది." ఆమె మూట దించకుండానే గదంతా కలియజూసింది. "గుడ్లకి అందరూ లేచి నిలబడినారే. మంచిదే. మా ఆయన పోయినప్పుడు గూడా ఇంతమంది లేయలేదు."

దండపాణిగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మీ సంతాపాన్ని లిఖితపూర్వకంగా సమర్పించినచో..."

"గుడ్లుండే కుర్చీ ఇదే కదా సారూ?" అంది తిప్పమ్మ ఆయన్ని పట్టించుకోకుండా.

"అవునమ్మా. ఇప్పుడు నేనుంటున్నానండి ఇందులో," అన్నారు వీర్రాజుగారు మర్యాదగా.

తిప్పమ్మ మూటను అద్దం బల్ల మీద దించి ముడి విప్పింది. తడిసిన మల్బరీ ఆకు, పసిపురుగుల కోసం తరిగినట్టు సన్నగా తరిగిన ఆకు, బల్లంతా పరుచుకుని గంట మీదా ఫైళ్ల మీదా పడింది. పచ్చి వాసన గదంతా నిండింది.

"పొద్దున కోసినా. తొడిమలు తీసేసినా. మీరే ఆ జాగాలో ఉండారు కాబట్టి ఇది మీకే," అంది. "తినండి సార్."

వీర్రాజుగారు దండపాణిగారి వైపు చూశారు. దండపాణిగారు నంజుండప్ప వైపు చూశారు. నంజుండప్ప కళ్లు మూసుకుని పుస్తకమంతా తిరగేసి, కళ్లు తెరిచి, పుస్తకాన్ని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు.

"ఓబులేసుగారూ, ఇదంతా తీయించండి," అన్నారు వీర్రాజుగారు.

ఓబులేసు గోడను వదిలి ముందుకొచ్చాడు. అందరూ అతను చీపురు తెప్పిస్తాడనుకున్నారు. అతను బల్ల మీద చెదిరిన ఆకును రెండు చేతులతో దగ్గరికి పోగేసి, జాగ్రత్తగా వీర్రాజుగారి ముందుకు జరిపాడు. తరువాత తిప్పమ్మ పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

"యేగిరపడకుండా తినండి," అంది తిప్పమ్మ ఖాళీ గుడ్డ దులిపి భుజాన వేసుకుంటూ. "తోటలో ఇంకా రెండెకరాలుంది."